జీపీ 500: పాత టూ స్ట్రోక్ రేసు బైకును కంప్యూటర్‌లో పడకుండా నడపడం ఎలా

ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్ల చేతికి ఒక సంగతి తెలుసు. యాక్సిలరేటర్ మెల్లగా తిప్పుతూ పోతే కొంతదాకా బండి మామూలుగానే పోతుంది. ఒక చోటికి రాగానే ఇంజిన్ గొంతు మారుతుంది, వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి ఒక్క ఉదుటున దూకుతుంది. అది 98 సీసీ బండి, 11 హార్స్‌పవర్. అదే స్వభావాన్ని 500 సీసీకి పెంచి, 180 హార్స్‌పవర్ దాటించి, బండి మొత్తం బరువును 130 కిలోల దగ్గర ఆపితే 1998 నాటి గ్రాండ్ ప్రీ బైకు అవుతుంది.

ఆ బైకును ఇంటి కంప్యూటర్ మీదికి తెచ్చిన గేమ్ జీపీ 500. మైక్రోప్రోస్ 1999లో విడుదల చేసింది, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ హౌస్ తయారుచేసింది. 1998 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 500 సీసీ తరగతి దీనికి ఆధారం. ఆ ఏడాది జపాన్‌లోని సుజుకాలో మొదలై బ్యూనస్ ఎయిరీస్‌లో ముగిసిన 14 రేసుల సీజన్ అది. మిక్ డూహన్ వరుసగా అయిదోసారి ఛాంపియన్ అయ్యాడు. మాక్స్ బియాజీ రెండో స్థానం, అలెక్స్ క్రివియే మూడో స్థానం.

మన దగ్గర కంప్యూటర్‌లో బైకు గేమ్ అంటే చాలామందికి రోడ్ రాష్ గుర్తొస్తుంది. అందులో పడినా లేచి పరిగెత్తి మళ్లీ బండెక్కొచ్చు, యాక్సిలరేటర్ మీద వేలు తీయకుండా ఊరంతా తిరగొచ్చు. ఆ చేత్తోనే దీన్ని మొదలుపెడితే మొదటి మలుపులోనే కింద ఉంటారు. చాలామంది అక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. ఆ మొదటి వారం దాటించడానికే ఇది రాస్తున్నాను.

ముందు గేమ్ నడిచేలా చేసుకోవాలి

పాత సీడీ మీ దగ్గరో, స్నేహితుల దగ్గరో ఉంటే అన్నిటికన్నా మంచిది. సీడీని ముందు ఇమేజ్ ఫైలుగా కాపీ చేసి పెట్టుకోండి. పాతికేళ్ల సీడీ ఎప్పుడు చదవడం మానేస్తుందో చెప్పలేం. ఎక్కడెక్కడి సైట్ల నుంచో దించిన ఎక్జిక్యూటబుల్ ఫైళ్లను నేరుగా నొక్కకండి, పాత గేముల పేరు మీద వైరస్‌లు చాలానే తిరుగుతున్నాయి.

విండోస్ 10, 11లో ఎదురయ్యే ఇబ్బందులు మూడు రకాలు. మొదటిది సెటప్. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. 90ల చివరి గేముల్లో చాలావాటికి గేమ్ 32 బిట్‌దే అయినా, దాన్ని ఎక్కించే సెటప్ 16 బిట్‌ది. సెటప్ నొక్కగానే ఈ యాప్ మీ పీసీలో నడవదని విండోస్ చెబితే ఎక్కువసార్లు కారణం ఇదే. ఓటీవీడీఎం అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఈ అడ్డు తీసేస్తుంది. రెండోది సీడీ కాపీ రక్షణ. ఆ కాలంలో చాలా గేములకు వాడిన సేఫ్‌డిస్క్ రక్షణను విండోస్ 10 అసలు నడవనివ్వదు. మీ దగ్గరున్న సీడీకి అలాంటి రక్షణ ఉందని తేలితే ఇప్పటి విండోస్‌తో కుస్తీ పట్టకండి. 86బాక్స్ లేదా పీసీఎం అనే ఎమ్యులేటర్‌లో ఒక పాత పెంటియం కంప్యూటర్ కట్టి, అందులో విండోస్ 98 ఎక్కించి, ఊడూ గ్రాఫిక్స్ కార్డు పెట్టి నడపడం మేలు. దానికి కాస్త బలమైన ప్రాసెసర్ కావాలి, ఓపిక కూడా కావాలి.

మూడోది బొమ్మ. గేమ్ తెరుచుకుంటుంది గానీ తెర నల్లగా ఉంటుంది, లేదా రంగులు చెదిరిపోతాయి. దీనికి డీజీఊడూ 2 వాడండి, పాత గేముల బొమ్మను కొత్త గ్రాఫిక్స్ కార్డుకి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం అది. జిప్ విప్పితే అందులో ఎంఎస్ అనే ఫోల్డర్, దాని లోపల ఎక్స్86 ఫోల్డర్ ఉంటాయి. అక్కడున్న డీడ్రా, డీ3డీఇమ్ అనే రెండు డీఎల్‌ఎల్ ఫైళ్లను గేమ్ అసలు ఫైలు ఉన్న ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. డీజీఊడూ కంట్రోల్ ప్యానెల్‌ను కూడా అక్కడే పెట్టి తెరవండి. ఫ్రేమ్ రేటును 60కి కట్టేయండి. పాత గేములను కొత్త కార్డు మీద హద్దు లేకుండా వదిలితే వేగం లెక్కలు తప్పే ప్రమాదం ఉంది, అప్పుడు మీరు నేర్చుకునే బ్రేకు దూరాలన్నీ తప్పుగానే నేర్చుకుంటారు.

చేతిలో ఏముండాలి

కీబోర్డుతో ఆడొచ్చు. కానీ కీ అంటే నొక్కడం, వదలడం, ఈ రెండే. ఇలాంటి బైకుకి కావలసింది ఆ రెంటికీ మధ్య ఉన్నదంతా. అందుకే గేమ్‌ప్యాడ్ తీసుకోండి. ఎడమ స్టిక్‌తో బండి వాల్చడం, కుడి ట్రిగ్గర్‌తో యాక్సిలరేటర్, ఎడమ ట్రిగ్గర్‌తో ముందు బ్రేకు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాని వల్ల నేను దాదాపు నెలరోజులు పోగొట్టుకున్నాను. మలుపు ముందు బ్రేకు మెల్లగా వదులుతూ యాక్సిలరేటర్ కొద్దిగా అందుకుందామని ఎంత ప్రయత్నించినా, బండి ఒక్కసారిగా ఖాళీ అయిపోయినట్టు బయటికి జారేది. నా చేతిలోనే లోపముందనుకుని అదే మలుపు మళ్లీ మళ్లీ తిరిగాను. చివరికి విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పరీక్ష తెర తెరిచి, రెండు ట్రిగ్గర్లూ ఒకేసారి నొక్కి చూశాను. తెర మీద గీత మధ్యలో నిలబడి కదల్లేదు. నా ప్యాడ్ రెండు ట్రిగ్గర్లనూ పాత గేముకి ఒకే యాక్సిస్‌గా చూపిస్తోంది. ఒకటి ప్లస్, ఒకటి మైనస్, రెండూ కలిస్తే సున్నా. కొత్త తరం ప్యాడ్లలో చాలావాటికి పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ గేముల్లో ఇదే జరుగుతుంది.

కాబట్టి ఆట మొదలుపెట్టకముందే మీరూ ఆ పరీక్ష చేయండి. గీత మధ్యలో ఆగిపోతే మూడు దారులున్నాయి. ట్రిగ్గర్లను విడదీసి చూపించే జిడీ లాంటి ప్రోగ్రాం వాడటం, రెండు ట్రిగ్గర్లనూ విడి యాక్సిస్‌లుగా పంపే వేరే ప్యాడ్ తెచ్చుకోవడం, లేదా యాక్సిలరేటర్, బ్రేకులను కుడి స్టిక్ పైకీ కిందికీ పెట్టుకోవడం. మూడో దారిలో రెండూ కలిపి వాడటం కుదరదు గానీ, వేలికి ఎక్కువ దూరం దొరుకుతుంది కాబట్టి యాక్సిలరేటర్ సన్నగా ఇవ్వొచ్చు. డెడ్‌జోన్, అంటే స్టిక్ కదిపినా గేమ్ పట్టించుకోని మేర, వీలైనంత తక్కువ పెట్టండి.

తప్పక కీబోర్డే వాడాలంటే, మలుపు బయట యాక్సిలరేటర్ కీని పట్టుకుని ఉంచకండి. టక్, టక్, టక్ అని తట్టండి, బండి లేచేకొద్దీ తట్టే వేగం పెంచండి.

సహాయాలు ఏవి ఉంచాలి, ఏవి తీయాలి

ఆ తరం సిమ్యులేషన్లలో రైడర్‌కి సాయం చేసే అమరికలు మెనూలోనే ఉంటాయి. అన్నీ ఒకేసారి తీసేయడం వీరత్వం కాదు, దాని వల్ల ఏ తప్పుకి పడ్డారో తెలియకుండా పోతుంది. గేర్లు మొదటి రెండు రోజులు ఆటోలో ఉంచండి. బ్రేకు సాయం మాత్రం మొదటి రోజే తీసేయండి. ఆ సాయంతో అలవాటు పడితే మీరు ఎక్కడ బ్రేకు వేయాలో ఎప్పటికీ నేర్చుకోరు. ముందు, వెనక బ్రేకులు విడిగా పెట్టుకునే వీలు కనిపిస్తే విడిగానే పెట్టుకోండి, కాకపోతే వెనక బ్రేకుని కొన్నాళ్లు ముట్టుకోకండి.

ఒకే ట్రాక్ ఎంచుకోండి

పద్నాలుగు ట్రాకులూ ఒక్కో రౌండు తిరిగి చూడాలనిపిస్తుంది. ఆపుకోండి. ఫిలిప్ ఐలండ్ ఎంచుకోండి, రెండు వారాలు అక్కడే ఉండండి. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ట్రాక్ అది. పొడవు 4.445 కిలోమీటర్లు, మలుపులు 12. గడియారానికి ఎదురు దిశలో తిరగాలి. ఏడు మలుపులు ఎడమకి, అయిదు కుడికి. అన్నీ పేరు పెట్టుకుని గుర్తుంచుకోదగ్గ మలుపులే. గట్టి బ్రేకు కావలసినవి రెండే రెండు, మిగతావన్నీ వేగంగా పారే మలుపులు. నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి బడి లేదని నా అభిప్రాయం.

మొదటి పది రౌండ్లు ఎలా తిరగాలంటే, సగం యాక్సిలరేటర్ దాటకుండా, ఒక్కసారి కూడా పడకుండా. టైమ్ చూడకండి. ప్రతి మలుపు ముందు ట్రాక్ పక్కన కనబడే ఒక గుర్తు పట్టుకోండి. బోర్డు కావచ్చు, రంగు మారిన గట్టు కావచ్చు, చెట్టు కావచ్చు. తర్వాత మీ బ్రేకు ఆ గుర్తుని బట్టే మొదలవుతుంది. కళ్లు ముందు చక్రం మీద పెట్టకండి, మలుపు లోపలి అంచు మీద, అక్కణ్నుంచి బయటి అంచు మీదికి పోనివ్వండి. పది రౌండ్లు పడకుండా తిరిగారా, యాక్సిలరేటర్ కొంచెం పెంచి మళ్లీ పది.

టైరు పట్టు ఎలా పంచుకోవాలి

టైరుకి రోడ్డు మీద ఉన్న పట్టుని కుంచెడు బియ్యం అనుకోండి. అందులోంచే అన్నానికి తీయాలి, అందులోంచే దోసెలకి నానబెట్టాలి. ఒకదానికి ఎక్కువ తీస్తే రెండోదానికి మిగలదు. బండి నిటారుగా ఉన్నప్పుడు పట్టంతా బ్రేకుకే ఇవ్వొచ్చు. బండి పూర్తిగా వాలినప్పుడు పట్టంతా వాలుకే పోతుంది, అప్పుడు బ్రేకుకి గింజ కూడా ఉండదు. ఈ గేములో పడే ప్రతి పడటం వెనకా ఈ లెక్కే ఉంటుంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే ఫిలిప్ ఐలండ్ నాలుగో మలుపు దగ్గరికి రండి. అప్పట్లో హోండా కార్నర్ అనేవాళ్లు, 2023లో మిల్లర్ కార్నర్ అని పేరు మార్చారు. కుడికి తిరిగే హెయిర్‌పిన్, అంటే దాదాపు వెనక్కి మళ్లే మలుపు. దానికి ముందు మూడో మలుపు ఎడమకి చాలా వేగంగా పోయేది. చిక్కంతా ఇక్కడే. మూడో మలుపులోంచి బండి ఇంకా ఎడమకి వాలి ఉండగానే నాలుగోది ఎదురొస్తుంది. కంగారులో అక్కడే బ్రేకు పట్టేస్తారు. ముందు చక్రం మడతపడి బండి జారిపోతుంది. చేయవలసింది ఏమిటంటే, ముందు స్టిక్‌ని మధ్యకి తెచ్చి బండిని నిటారుగా నిలబెట్టండి. మనసులో ఒకటి అనుకునేంత సేపు చాలు. అప్పుడు బ్రేకు. అది కూడా ఒక్కసారిగా కాదు, మొదట పావు వంతు. బరువు ముందుకి వచ్చి ముందు టైరుని నేలకి నొక్కుతుంది, టైరు పట్టు పెరుగుతుంది. అప్పుడు గట్టిగా పిండండి. ఇంకా ఎక్కువ పిండితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, లేస్తే కొంచెం వదలండి. గేరు రెండుకో ఒకటికో దింపండి. ఇప్పుడు కుడికి వాల్చడం మొదలుపెట్టండి, ఎంత వాలిస్తే అంత బ్రేకు వదులుతూ పోండి. స్టిక్ చివరికి చేరేసరికి బ్రేకు వేలు పూర్తిగా ఖాళీగా ఉండాలి.

ఇంకో సంగతి. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ మూసేసినంత మాత్రాన బండి పెద్దగా ఆగదు. ఆర్‌ఎక్స్ 100 మీద ఇది చూసే ఉంటారు, రేజ్ వదిలినా జారుకుంటూ పోతూనే ఉంటుంది. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బైకు గేములు ఆడి వచ్చినవాళ్లు ఇంజిన్ ఆపుతుందిలే అని ఎదురుచూసి ఆలస్యంగా బ్రేకు పడతారు. ఇక్కడ ఆపే పని మొత్తం బ్రేకుదే.

మలుపు బయట: అసలు పరీక్ష

బ్రేకు తప్పు పడితే ముందు చక్రం జారి బండి మెత్తగా పడుకుంటుంది, దీన్ని లోసైడ్ అంటారు. యాక్సిలరేటర్ తప్పు పడితే జరిగేది హైసైడ్, అది వేరే రకం. వాలి ఉన్న బండి వెనక చక్రానికి తట్టుకోలేనంత బలం ఇస్తారు, అది పక్కకి జారుతుంది. భయపడి యాక్సిలరేటర్ టక్కున మూసేస్తారు. జారుతున్న టైరుకి ఒక్కసారిగా పట్టు తిరిగొస్తుంది, పక్కకి పోతున్న బండి ఎగిరి నిలబడి, మీద ఉన్నవాణ్ని అవతలికి విసిరేస్తుంది. 500 సీసీ రైడర్ల ఎముకలు ఎక్కువగా విరిగింది ఇలాగే.

నేర్చుకోవలసిన సూత్రం చిన్నదే. బండి ఎంత లేస్తే యాక్సిలరేటర్ అంత. మలుపు మధ్యలో చాలా సన్నగా, ఇంజిన్ ఊపిరి ఆగకుండా ఉండేంత. లోపలి అంచు దాటాక ముందు స్టిక్ కొంచెం వదిలి బండిని లేపండి, ఆ తర్వాతే ట్రిగ్గర్. పికప్ వచ్చే చోటు ఇంజిన్ గొంతులో వినబడుతుంది. ఆ గొంతు మారే క్షణానికి బండి ఇంకా పూర్తిగా వాలి ఉండకూడదు. వాలి ఉంటుందని అనిపిస్తే ఒక గేరు ఎక్కువలో రండి. ఆర్‌పీఎం తక్కువుంటుంది, దూకుడు ఆలస్యంగా వస్తుంది, మీకు సమయం దొరుకుతుంది.

వెనక చక్రం జారడం మొదలైతే ట్రిగ్గర్ వదలకండి. ఉన్నచోటే పట్టుకోండి, లేదా వెంట్రుకవాసి తగ్గించండి. చేతికి ఇది ఎదురు తిరుగుతుంది, భయం మూసెయ్ అంటుంది. దీనికి సాధన చేయడానికి చివరి మలుపు సరైన చోటు. పదకొండు, పన్నెండు రెండూ ఎడమవే, ఒకదాన్నుంచి ఒకటి సాగి గార్డ్‌నర్ స్ట్రెయిట్ మీదికి తెరుచుకుంటాయి. అక్కడ బయటికి వచ్చే వేగం ఎంత ఉంటే స్ట్రెయిట్ మొత్తం అంత కలిసొస్తుంది. ఒక సాయంత్రం ఆ ఒక్క మలుపే పెట్టుకోండి. రౌండు ఎలా పోయినా పట్టించుకోకుండా, అక్కడ ట్రిగ్గర్ ఒక్కో రౌండుకి కొద్దికొద్దిగా ముందుగా మొదలుపెట్టి, వెనక చక్రం ఎక్కడ కదులుతుందో వినండి.

వెనక బ్రేకు గురించి డూహన్ కథ చెప్పాలి. 1992లో సీజన్‌ను శాసిస్తూ ఉండగా నెదర్లాండ్స్‌లోని అసెన్ ట్రాక్‌లో పడి కాలు విరిగింది. కాలే పోతుందన్నంత దాకా వెళ్లింది. కొన్ని రేసులు పోయాయి, ఆ ఏడాది టైటిల్ నాలుగు పాయింట్ల తేడాతో వేన్ రెయినీకి దక్కింది. ఆ కాలితో ఇక పెడల్ సరిగా తొక్కలేక, వెనక బ్రేకుని ఎడమ హ్యాండిల్ మీద బొటనవేలితో నొక్కేలా పెట్టించుకున్నాడు. కుడికి వాలినప్పుడు పాదానికి చోటు లేని దగ్గర కూడా బొటనవేలు పనిచేస్తుంది. 1994 నుంచి 1998 దాకా అయిదు టైటిళ్లు ఆ కాలితోనే గెలిచాడు. మీ ప్యాడ్ మీద వెనక బ్రేకుని ఎడమ బంపర్‌కి పెట్టుకోండి. మలుపు మధ్యలో బండి కాస్త బయటికి పోతుంటే దాన్ని చిన్నగా తడితే చాలు, బండి మళ్లీ లోపలికి వస్తుంది.

గేర్లు, సస్పెన్షన్ ఎప్పుడు ముట్టుకోవాలి

ఒకే ట్రాక్ మీద వరుసగా అయిదు రౌండ్లు ఒక సెకను తేడాలోపు తిరగగలిగే దాకా గ్యారేజీ వైపు వెళ్లకండి. అంతవరకు మారేది మీరే, బండి కాదు. ఆ తర్వాత గేర్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఫలితం వెంటనే కనబడేది అక్కడే. ఆరో గేరులో స్ట్రెయిట్ చివర బ్రేకు గుర్తు దగ్గరికి వచ్చేసరికి ఆర్‌పీఎం పై హద్దుని తాకాలి. ముందే తాకేస్తే గేరింగ్ పొట్టి, అసలు తాకకపోతే పొడుగు. తర్వాత మొదటి గేరుని హెయిర్‌పిన్‌కి సరిపెట్టి, మధ్యలో నాలుగింటినీ సర్దండి. పై గేర్ల మధ్య ఎడం కింది గేర్ల మధ్య కన్నా తక్కువ ఉండాలి. టూ స్ట్రోక్ బలమంతా పైన కొద్దిపాటి ఆర్‌పీఎంలోనే ఉంటుంది, గేరు మార్చిన ప్రతిసారీ సూది అందులోనే పడాలి.

సస్పెన్షన్‌లో ఒకసారి ఒక్కటే మార్చి, అయిదు రౌండ్లు తిరిగి, కాగితం మీద రాసుకోండి.

రేసులోకి దిగినప్పుడు

స్టార్ట్‌లో పూర్తి యాక్సిలరేటర్ ఇస్తే ముందు చక్రం ఆకాశం చూస్తుంది. ముప్పావు ఇచ్చి, చక్రం దిగాక మిగతాది ఇవ్వండి. మొదటి మలుపు, కుడికి పోయేదానికి డూహన్ పేరే పెట్టారు, గుంపంతా ఒకేసారి అక్కడికి చేరుతుంది. సాధనలో మీకున్న బ్రేకు గుర్తు ఒంటరిగా తిరిగినప్పటిది. ముందు బండి గాలిని చీలుస్తుంటే దాని వెనక మీ వేగం పెరుగుతుంది కాబట్టి గుర్తు కన్నా కాస్త ముందే బ్రేకు మొదలుపెట్టండి.

దాటడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి మొదటి మలుపుకి ముందున్న గార్డ్‌నర్ స్ట్రెయిట్, ముందు బండి వెనక దాక్కుని చివర్లో పక్కకి రావడం. రెండోది లూకీ హైట్స్ అనే తొమ్మిదో మలుపు తర్వాత. అది గుట్ట మీదికి ఎక్కి ఎడమకి తిరుగుతుంది, శిఖరం దాటగానే ట్రాక్ కిందికి పడిపోతుంది, అక్కడే ఎంజీ కార్నర్ కుడికి. శిఖరం మీద బండి తేలికవుతుంది, ఆ క్షణంలో బ్రేకు పడితే ముందు టైరుకి పట్టుండదు. బండి మళ్లీ నేల మీద బరువుగా కూర్చున్నాక బ్రేకు పట్టండి. కంప్యూటర్ రైడర్లు దారి ఇస్తారని నమ్ముకోకండి, లోపలి వైపు పూర్తిగా పక్కకి వచ్చాకే మలుపు మొదలుపెట్టండి.

రెండు వారాల తర్వాత తీసుకోవలసిన రెండో ట్రాక్ చెక్ రిపబ్లిక్‌లోని బర్నో. 5.403 కిలోమీటర్లు, వెడల్పైన రోడ్డు, లోయలోకి దిగి మళ్లీ ఎక్కే మలుపుల జతలు. ఎడమ నుంచి కుడికి బండి మార్చే పని అక్కడ రౌండు పొడుగునా ఉంటుంది. మొదటి రోజు అక్కడ కూడా సగం యాక్సిలరేటర్‌తో పది రౌండ్లు తిరగండి.